గడప మనది, స్క్రూడ్రైవర్ ఎవరిది?

(కుటుంబ హింసపై పనిచేస్తున్న మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటినుంచీ మనం చట్టాల గురించి, కోర్టుల గురించి, పోలీస్ స్టేషన్లలో ఎదురయ్యే అనుభవాల గురించి మాట్లాడుకుంటున్నాం. ఈ పూట నేను కరెంటు స్క్రూడ్రైవర్ గురించి మాట్లాడతాననగానే కొందరు నవ్వారు. నవ్వు రావడం సహజమే. సోషియాలజీలో డాక్టరేట్ చేసిన మనిషి స్త్రీల హక్కుల సభకొచ్చి స్క్రూలు బిగించడం గురించి చెప్పడమేమిటని అనిపిస్తుంది. రెండేళ్ళ క్రితం నాకూ అలాగే అనిపించేది. నా అభిప్రాయం మార్చింది పుస్తకం కాదు, మా సలహా కేంద్రానికి వచ్చిన ఒక స్త్రీ. ఆమె పేరు, ఊరు చెప్పను. చెప్పడానికి ఆమె ఒప్పుకున్నంతవరకే చెబుతాను.

ఆమె భర్త ఇంటి తలుపు పక్కన వీడియో డోర్‌బెల్ పెట్టించాడు. మీలో చాలామంది చూసే ఉంటారు. కాలింగ్ బెల్లులోనే చిన్న కెమెరా, మైకు ఉంటాయి. ఎవరైనా బెల్లు నొక్కినా, తలుపు ముందు కదిలినా ఫోన్లో బొమ్మ కనిపిస్తుంది, మాట వినిపిస్తుంది. "నువ్వు పగలంతా ఒంటరిగా ఉంటావు కదా, నీ క్షేమం కోసమే" అన్నాడట. కానీ ఆ బొమ్మ కనిపించేది ఆమె ఫోన్లో కాదు, ఆయన ఫోన్లో. ఇక రోజూ సాయంత్రం విచారణే. పదకొండున్నరకు ఎక్కడికెళ్ళావు? మీ అక్క ఎందుకొచ్చింది? పాలబ్బాయితో అంతసేపు మాటలేమిటి? ఆమె నాతో అన్న మాట ఇప్పటికీ మరచిపోలేను. "అక్కా, మా అత్తగారు కాపలా కాసినప్పుడు ఆవిడ మధ్యాహ్నం గంటసేపైనా కునుకు తీసేది. ఇది కునుకు కూడా తీయదు."

తర్వాత ఆమె కూతురిని తీసుకుని బయటికి వచ్చేసింది. ఒక పోర్షన్ అద్దెకు తీసుకుంది. అక్కడికీ అతను రావడం మొదలుపెట్టాడు. రాత్రిళ్ళు తలుపు కొట్టేవాడు, ఆమె లేచి వచ్చేలోగా వెళ్ళిపోయేవాడు. ఎవరికి చెప్పినా "నువ్వు చూశావా?" అనే ప్రశ్నే. అప్పుడామె నన్ను అడిగింది: "అక్కా, నేనే ఒక వీడియో డోర్‌బెల్ పెట్టుకుంటాను, ఏది కొనమంటావు?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఏ వస్తువు ఆమెను బంధించిందో దాన్నే మళ్ళీ తెచ్చుకోవడం ఏమిటనుకున్నాను. నిఘా, అధికారం అంటూ నేను చదువుకున్నదంతా అడ్డం వచ్చింది. ఆమె మాత్రం తేలిగ్గా తేల్చేసింది. "ఆయన పెట్టినప్పుడు చూసేది ఆయన. నేను పెట్టుకుంటే చూసేది నేను. అంతే కదా!"

తర్వాత నాకు తెలిసిందేమిటంటే, వీడియో డోర్‌బెల్ కథ మొదలైంది కూడా ఇలాంటి అవసరంలోంచే. న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నల్లజాతి నర్సు ఉండేది. వేళాపాళా లేని డ్యూటీలు. వాళ్ళ పేటలో నేరాలు ఎక్కువ, పిలిస్తే పోలీసులు వెంటనే వచ్చేవారు కాదు. ఆమె, ఎలక్ట్రానిక్స్ పని తెలిసిన ఆమె భర్త ఆల్బర్ట్ కలిసి ఒక ఏర్పాటు తయారు చేసుకున్నారు. తలుపుకు వేర్వేరు ఎత్తుల్లో కన్నాలు, వాటి వెంట పైకీ కిందికీ జరిగే కెమెరా, పడకగదిలో టీవీ తెర, బయటివారితో మాట్లాడటానికి మైకు, అక్కడినుంచే గడియ తీసే మీట, ప్రమాదమైతే మోగించే అలారం. 1966లో పేటెంటుకు దరఖాస్తు పెట్టారు, 1969 డిసెంబరులో వచ్చింది. పేటెంటు కాగితం మీద మొదటి పేరు ఆమెదే. ఇక్కడ మనం గమనించాల్సింది ఆ తెర ఎక్కడుందన్నది. లోపలున్న స్త్రీ కళ్ళెదుట ఉంది. గడియ తీయాలా వద్దా అనే నిర్ణయం ఆమె వేలి కింద ఉంది. అదే వస్తువు యాభై ఏళ్ళ తర్వాత మా కేంద్రానికి వచ్చిన స్త్రీ ఇంట్లో లోపలి మనిషి మీదికే తిరిగింది. యంత్రం మారలేదు, అది ఎవరి చేతిలో ఉందన్నదే మారింది.

సరే, డోర్‌బెల్ వచ్చింది. బిగించేదెవరు? వాళ్ళ తమ్ముడు ఆదివారం వస్తానన్నాడు. నాలుగు ఆదివారాలు గడిచాయి. చివరికి ఒక ఎలక్ట్రీషియన్ కుర్రాడిని పిలిస్తే, అతను పెట్టె విప్పుతూ అడిగిన మొదటి ప్రశ్న "సార్ ఫోన్ ఇవ్వండి మేడం, యాప్ అందులో వేస్తా" అని. ఆ కుర్రాడి తప్పేం లేదు. అతను వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ అదే పద్ధతి. కానీ ఆ ఒక్క మాటతో ఆమె పెట్టె మూసేసింది. మనమే బిగించుకుందాం అని నాకు ఫోన్ చేసింది. నిజం చెప్పాలంటే, నలభై ఏళ్ళు దాటిన నేను అప్పటిదాకా గోడకు మేకు కూడా కొట్టలేదు.

ఎందుకు కొట్టలేదు? ఈ ప్రశ్న వేసుకోవాలి. మన పల్లెల్లో ఆడది నాగలి పడితే అరిష్టమన్నారు. నాట్లు, కలుపు, కోత మాత్రం ఆమెవే. కుమ్మరి ఇంట్లో మట్టి పిసికేది ఆడవాళ్ళు, సారె తిప్పేది మగవాడు. పనిముట్టు పట్టినవాడు పనివాడు, మిగతావాళ్ళు చేసేది సాయం. కూలి కూడా ఆ లెక్కనే. ఇందులో కులం కూడా ఉంది. వడ్రం, కమ్మరం చేసే చేతుల్ని తక్కువగా చూసిన సమాజం మనది. అందుకే చదువుకున్న ఇళ్ళల్లో మగవాళ్ళకూ ఈ పనులు రావు. అయితే వాళ్ళకు రాకపోతే మనిషిని పిలిపిస్తారు. మనకు రాకపోతే మగవాళ్ళు వచ్చేదాకా ఆగుతాం. గడపకు పసుపు రాసేది మనం, తోరణం కట్టేది మనం. అదే ద్వారబంధానికి ఒక స్క్రూ బిగించాలంటే ఇంకొకరి కోసం ఎదురుచూస్తాం.

ఇంటిపని సమానంగా పంచుకోవాలని మనం అన్నప్పుడల్లా "బల్బులు మార్చేది, మేకులు కొట్టేది మేమే కదా" అని మగవాళ్ళు అంటూంటారు. 2019లో ప్రభుత్వం జరిపిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, ఇంటిపని చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. మేకు కొట్టడం ఏడాదికి నాలుగుసార్లు, గిన్నెలు తోమడం రోజుకు మూడుసార్లు. పైగా ఆ నాలుగుసార్ల పనికి "తెలిసినవాడు" అనే గౌరవం దొరుకుతుంది.

ఇద్దరం సికింద్రాబాద్ రాణీగంజ్‌లో పనిముట్లు అమ్మే ఒక దుకాణానికి వెళ్ళాం. కౌంటర్లో ఉన్నతను మమ్మల్ని చూసి, "సార్‌ని పంపించండి మేడం, వాళ్ళకైతే తెలుస్తుంది" అన్నాడు. ఆమె నెమ్మదిగా, "సార్ రాకుండా ఉండటానికే కొంటున్నామండీ" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వుతో నా బెరుకు సగం పోయింది. ఇక మేం తెలుసుకున్న విషయాలు చెబుతాను, రాసుకోండి.

మొదట తేల్చుకోవాల్సింది దేనికి బిగిస్తున్నాం అన్నది. ద్వారబంధం చెక్కదైతే ఈ చిన్న కరెంటు స్క్రూడ్రైవర్ చాలు. ముందు సన్నటి కన్నం చేసుకుంటే చెక్క చీలదు. సిమెంటు గోడ అయితే చాలదు. గోడకు కన్నం వేయడానికి హ్యామర్ డ్రిల్లు కావాలి, గోడకు పనికొచ్చే బిట్టు కావాలి, కన్నంలో ప్లాస్టిక్ ప్లగ్గు దిగ్గొట్టి అందులోకి స్క్రూ బిగించాలి. స్క్రూడ్రైవర్ స్క్రూను తిప్పుతుందే గాని గోడను తొలచదు. అద్దె ఇల్లయితే యజమానికి ముందే చెప్పాలి.

రెండోది బలం. వీటి మీద రెండు అంకెలుంటాయి. ఒకటి వోల్టులు. చిన్నవి 3.6 వోల్టులవి, లోపల ఒకే లిథియం బ్యాటరీ ఉంటుంది. 12 వోల్టులవి పెద్దవి, బరువైనవి, ఈ పనికి అక్కర్లేదు. పెన్నులాంటి సన్నటివి ఫోన్లు, వాచీలు విప్పడానికి తప్ప పనికిరావు. రెండో అంకె న్యూటన్ మీటర్లు. అంటే ఎంత బలంగా మెలితిప్పగలదన్నది. మూడు నుంచి ఐదు ఉంటే మన పనికి సరిపోతుంది. ఎక్కువ బలం ఉంటే మంచిదే కదా అనిపిస్తుంది. కాదు. డోర్‌బెల్ వెనక పట్టీ ప్లాస్టిక్‌ది, అతిగా బిగిస్తే పగులుతుంది. అందుకే మెడ దగ్గర అంకెలున్న రింగు ఉందో లేదో చూడాలి. చిన్న అంకె మీద పెడితే, స్క్రూ బిగియగానే టకటకమని ఆగిపోతుంది. ఆ రింగు లేనిదైతే చివరి రెండు చుట్లు చేత్తోనే తిప్పాలి. వెనక్కి తిప్పే మీట తప్పకుండా ఉండాలి. బిగించడంతోపాటు విప్పడం కూడా మన చేతిలో ఉండాలి కదా.

మూడోది బిట్లు. ప్లస్ గుర్తున్న స్క్రూలన్నీ ఒకటి కావు. వాటిలో సైజులున్నాయి, ఎక్కువగా వాడేది రెండో నంబరు. సైజు తప్పితే స్క్రూ తల అరిగిపోతుంది, ఆ తర్వాత అది రాదు, పోదు. కొన్ని డోర్‌బెల్లులకు దొంగలు విప్పకుండా కింద నక్షత్రం ఆకారపు స్క్రూ ఇస్తారు. దానికి వేరే బిట్టు కావాలి. కాబట్టి ముందు డోర్‌బెల్ పెట్టె విప్పి స్క్రూలు చూసుకుని, వాటినే వెంట తీసుకుని దుకాణానికి వెళ్ళండి.

నాలుగోది మన చెయ్యి. పిస్తోలు పిడి, దానికి మీట ఉన్న డ్రిల్లుకు బ్లాక్ అండ్ డెక్కర్ కంపెనీ 1917లో పేటెంటు పొందింది. ఈనాటికీ చాలా పనిముట్లకు అదే ఆకారం. ఆ పిడి అందరి చేతులకూ సరిపోదు. అందుకే బొమ్మ చూసి కొనకండి. చేతిలోకి తీసుకోండి. వేలు సాగదీయకుండా మీట అందుతోందా? భుజం ఎత్తున ఒక నిమిషం పట్టుకుంటే మణికట్టు లాగుతోందా? దుకాణంలో మూడు పట్టుకుని చూశాం. అతను మెచ్చుకున్న పెద్దది ఆమె పక్కన పెట్టేసింది. అరచేతిలో ఇమిడిన చిన్నది తీసుకుంది.

డోర్‌బెల్‌కు రెండు మూడు స్క్రూలే కదా, చేత్తో తిప్పే స్క్రూడ్రైవర్ చాలదా అని మీరడగవచ్చు. చాలు. నేనూ ఆమెను అదే అడిగాను. "మా ఇంట్లో ఇంకా ఏమేం ఊడిపోయాయో నువ్వు చూడలేదక్కా" అంది. వెళ్ళి చూస్తే తలుపు గడియ రెండు స్క్రూల మీద వేలాడుతోంది. రెండు నెలలుగా అదే గడియ వేసుకుని తల్లీకూతుళ్ళు పడుకుంటున్నారు. తమ్ముడి ఆదివారం కోసం ఎదురుచూస్తూ. ఈ విషయం నేను ఏ కౌన్సెలింగ్‌లోనూ అడగలేదు. కొట్టాడా, తిట్టాడా అని అడిగాను గాని నీ తలుపు గడియ సరిగా పడుతోందా అని అడగలేదు. ఆ రోజు మేం మొదట బిగించింది గడియ. పాత స్క్రూలు తీసేసి పొడుగువి వేశాం. కెమెరా వచ్చినవాణ్ణి చూపిస్తుంది, ఆపేది గడియ. ఈ వరస మరచిపోవద్దు.

కరెంటు విషయంలో ఒక హెచ్చరిక. మన ఇళ్ళల్లో మామూలు కాలింగ్ బెల్లులకు నేరుగా 230 వోల్టుల కరెంటు వస్తుంది. తీగతో కలిపే వీడియో డోర్‌బెల్లులు చాలావరకు తక్కువ వోల్టులతో, ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా పనిచేసేవి. వాటిని పాత బెల్లు తీగలకు కలిపితే ప్రమాదం. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఛార్జింగ్ బ్యాటరీతో నడిచేది మంచిది. పాత బెల్లు విప్పాల్సివస్తే మెయిన్ ఆపి, టెస్టర్ పెట్టి చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. తీగల పని తెలిసినవారికే వదిలేయాలి. అన్నీ మనమే చేసి తీరాలన్న పంతం కూడా మంచిది కాదు.

మొదటి స్క్రూ వంకరగా పోయింది. వెనక్కి తిప్పి తీశాం. బిట్టును స్క్రూ తలకు నిటారుగా ఆనించి, ముందుకు గట్టిగా నొక్కుతూ మీట నెమ్మదిగా నొక్కాలని అప్పుడు అర్థమైంది. రెండోది చక్కగా దిగింది. కూతురు టార్చి పట్టుకుని నిలబడింది. నేల నుంచి సుమారు నాలుగడుగుల ఎత్తున పెట్టాం. మిక్సీ మోటారు నిమిషానికి వేలసార్లు గిరగిరా తిరుగుతుంది, దానికి మనం భయపడం. ఇది తిరిగేది నిమిషానికి రెండు వందలసార్లు. దీనికి భయపడ్డాం. ఈ భయం యంత్రం వల్ల వచ్చింది కాదు, పెంపకం వల్ల వచ్చింది.

స్క్రూలు బిగించాక అసలు తాళం ఫోన్లో వేయాలి. ఖాతా ఎవరి పేరున ఉందో, ఈమెయిల్ ఎవరిదో, ఇంటి యజమానురాలు వాళ్ళే అవుతారు. మన ఫోన్, మన ఈమెయిల్, ఎవరికీ తెలియని పాస్‌వర్డ్, రెండంచెల తనిఖీ. ఎంతమందికి బొమ్మ కనిపిస్తోందో జాబితా ఉంటుంది, నెలకోసారి చూసుకోవాలి. ఆమె తన అక్కను ఒక్కదాన్నే చేర్చుకుంది.

ఇంకా ఆ ఇంట్లోనే ఉంటున్న స్త్రీల విషయంలో మనం జాగ్రత్తగా ఉండాలి. కెమెరా పీకేయమని తొందరపడి సలహా ఇవ్వకండి. పీకిన మరుక్షణం అతనికి తెలుస్తుంది, దెబ్బలు పడేది ఆమెకు. ముందు ఆమె భద్రతకు ఏర్పాట్లు చూడాలి. 2005 గృహహింస చట్టం మానసిక హింసను కూడా హింసగానే గుర్తించింది. సంఘటన నివేదిక రాసేటప్పుడు "భర్త అనుమానిస్తాడు" అని ఒక్క ముక్కలో సరిపెట్టకండి. కెమెరా ఎప్పుడు పెట్టాడు, ఎవరి ఫోన్లో కనిపిస్తుంది, ఏ రోజు ఏం చూసి ఏమని అడిగాడు, అన్నీ రాయించండి. ఇక కెమెరాలో పడిన దృశ్యాలను కోర్టులో పెట్టాలంటే, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. అసలు రికార్డును చెరపకుండా దాచాలి.

ఈ యంత్రాన్ని నేను పొగడటం లేదు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 మేలో రింగ్ అనే డోర్‌బెల్ కంపెనీపై చర్య తీసుకుంది. ఆ కంపెనీ ఉద్యోగి ఒకడు స్త్రీల పడకగదుల్లోని, స్నానాల గదుల్లోని కెమెరాల దృశ్యాలను చూశాడన్నది అందులో ఒక ఆరోపణ. ఇంటి లోపల కెమెరా పెట్టవద్దని నేననేది అందుకే. 2021లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టు, ఒకాయన పెట్టిన కెమెరాలు, డోర్‌బెల్ పొరుగున ఉన్న స్త్రీ మాటలను దూరం నుంచి కూడా పట్టుకుంటున్నాయని తప్పు పట్టింది. మనం పెట్టేది కూడా ఎదురింటి తలుపు వైపు చూడకూడదు. అవసరం లేనప్పుడు మైకు ఆపేయాలి. మన ఇంటికి పనికి వచ్చే అమ్మాయికి, సరుకులు తెచ్చే కుర్రాడికి అక్కడ కెమెరా ఉందని చెప్పాలి. భర్త మన మీద పెట్టిన కాపలాను మనం పనిమనిషి మీద పెడితే ఇక తేడా ఏముంది?

ఆమె సంగతి చెప్పి ముగిస్తాను. బిగించిన వారం లోపే అర్ధరాత్రి ఫోన్ మోగింది. తెర మీద అతనే. ఆమె తలుపు తీయలేదు. 112కు ఫోన్ చేసింది. పోలీసులు వచ్చేసరికి అతను వెళ్ళిపోయాడు. కానీ ఈసారి "నువ్వు చూశావా?" అని ఎవరూ అడగలేదు. కేసు ఇంకా నడుస్తోంది. అంతా తీరిపోయిందని చెప్పలేను. అయితే మొన్న పక్క పోర్షన్లో ఒక పెద్దావిడ కిటికీ గడియ ఊడిపోతే ఈమే వెళ్ళి బిగించి వచ్చిందట.

మన సలహా కేంద్రాల్లో చట్టాల పుస్తకాలున్నాయి, దరఖాస్తు ఫారాలున్నాయి. వాటి పక్కన ఒక పనిముట్ల పెట్టె కూడా ఉండాలని నా ప్రతిపాదన. ఒక కరెంటు స్క్రూడ్రైవర్, నాలుగు బిట్లు, ఒక టెస్టర్, ఒక సుత్తి, కొన్ని పొడుగు స్క్రూలు. ప్రతి ఒక్కరూ కొనుక్కోనక్కర్లేదు, అవసరమైనవాళ్ళు తీసుకెళ్ళి తిరిగి తెచ్చిస్తారు. కొత్త ఇంట్లోకి వెళ్తున్న ప్రతి స్త్రీనీ మనం అడిగే ప్రశ్నల్లో "నీ తలుపు గడియ ఎలా ఉంది?" అన్నది కూడా చేర్చుకుందాం.

ఇదిగో, ఆ స్క్రూడ్రైవర్ తెచ్చాను. ఈ చెక్క ముక్క, ఈ స్క్రూలు కూడా. మాట్లాడింది చాలు. ముందు వరసలోంచి మొదలుపెట్టి అందరూ ఒక్కొక్క స్క్రూ బిగించి, మళ్ళీ విప్పి, పక్కవారికి ఇవ్వండి.